తొమ్మిదో చేప

నీళ్ళలో ఏమీ లేకుండా చెయ్యడం నా ఉద్యోగం. కిడ్నీలు పాడైనవాళ్ళకి రక్తం శుభ్రం చేసే సెంటర్లో, యంత్రాల హాలు వెనక ఒక చిన్న గది ఉంటుంది. అందులో ఆరు తెల్ల గొట్టాలు, రెండు ట్యాంకులు, ఒక రిజిస్టరు, నేను. కుళాయి నీళ్ళు ఒక పక్క నుంచి వస్తాయి. క్లోరిన్, సున్నం, ఉప్పు, పురుగూ పుట్రా అన్నీ నా దగ్గర దిగిపోతాయి. రెండో పక్క నుంచి ఒట్టి నీళ్ళు బయటికి వెళ్తాయి. పొద్దున్నే పరీక్ష చేసి, రిజిస్టర్లో సున్నా రాసి సంతకం పెడతాను. ఆ సున్నా పడితేగాని నర్సు మొదటి యంత్రం ఆన్ చెయ్యదు. పదకొండేళ్ళుగా నా సున్నాకి వంక పెట్టినవాళ్ళు లేరు. అందుకని నాకు కాస్త పొగరు ఉంది. ఉందని నేనే ఒప్పుకుంటున్నాను.

మా బావకి ఆ పొగరంటే మహా సరదా. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నాకు 'ఫిల్టరు' అని పేరు పెట్టాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం మందిని పైకి పంపించేది నేనేనంటూ అందరినీ నవ్వించేవాడు. తను మాత్రం ఎన్ని అంతస్తులైనా మెట్లెక్కే వెళ్ళేవాడు. అదేమిటి బావా అంటే, లిఫ్టు లోపల ఏముందో నాకు తెలుసు కదరా అనేవాడు. చేతులకి గ్రీజు, చొక్కాకి గ్రీజు, ఒకసారి చెవికి కూడా గ్రీజు. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ఆయన తాకిన తలుపు పిడి నేను జేబురుమాలుతో తుడిచేవాణ్ణి. అది చూసి, తుడిచినచోటే మళ్ళీ చెయ్యి వేసేవాడు.

అలాంటి మనిషి హాల్లో ఉన్న చేపల తొట్టి ముందు కూర్చుంటే మాత్రం వేరే మనిషి అయిపోయేవాడు. నాలుగడుగుల అద్దాల తొట్టి. అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, పదకొండు చేపలు, వాటన్నిటికీ మించి ప్రాణమున్న పగడాలు. పగడం అంటే ఉంగరంలో పెట్టుకునే ఎర్రరాయి తప్ప ఇంకోటి తెలియనివాణ్ణి నేను. ఆ పగడం బతుకుతుందనీ, తింటుందనీ, అలిగి ముడుచుకుంటుందనీ ఆయనే చూపించాడు. అక్క పెళ్ళయిన ఏడాది ఒక స్నేహితుడు బొటనవేలంత ముక్క ఇచ్చాడట. దానికి అప్పుడు ఒకటే తల. పదహారేళ్ళలో ఇరవైరెండు తలలైంది. ఒక్కో తలకీ ఆకుపచ్చ వేళ్ళు, వేళ్ళ చివర ఊదా రంగు. నీళ్ళ కదలికకి మొత్తం గుత్తి మెల్లగా ఊగుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. అక్క దాన్ని నా సవతి అనేది.

చేపల్లో పెద్దది పసుపుపచ్చది. అరచెయ్యంత ఉంటుంది. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూ మిగతావాళ్ళందరి పనీ చూస్తుంటుంది కనక దానికి 'మేనేజరు' అని పేరు.

బావ ఆ తొట్టి లెక్క నాకు ఎన్నోసార్లు చెప్పాడు. చేప తింటుంది, చేప వదిలినదాంట్లో కాస్త పగడానికి తిండవుతుంది. చేపలెక్కువైతే మురికి ఎక్కువై నాచు పట్టేస్తుంది, తక్కువైతే ఇంకో రకం కష్టం. ఇంకో రకం కష్టం ఏమిటో కూడా చెప్పే ఉంటాడు. నేను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను. అద్దం మూల ఆయన అంటించిన చీటీ ఒకటి ఉండేది: నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05. మురికిని కొలిచే నంబర్లవి. ఐదెందుకు, సున్నా చెయ్యడం చేతకాదా అని ఒకసారి వెక్కిరించాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

తర్వాత బావకి జబ్బు చేసింది. మొదట నీరసం అన్నాడు, తర్వాత జ్వరం. ఎముకల లోపల రక్తం తయారయ్యే మూలుగే చెడిపోయిందని చివరికి తేల్చారు. రైల్లో ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో పెద్దాసుపత్రి ఉంది. అక్కడ ఒంట్లో ఉన్న మూలుగంతా మందులతో చంపేసి, ఎవరో దాత ఇచ్చిన కణాలు ఎక్కిస్తారు. అవి లోపల కుదురుకుని కొత్త రక్తం పుట్టిస్తే మనిషి బతుకుతాడు. దాత కోసం నా రక్తం కూడా పరీక్ష చేయించుకున్నాను. కలవలేదు. ముక్కూ మొహం తెలియనివాడు ఎవరో కలిశాడు. వాళ్ళు ఇంటికి తిరిగొచ్చేదాకా ఇల్లూ తొట్టీ చూసుకునే పని నేను తీసుకున్నాను.

"నేనొచ్చేసరికి అది ఉండాల్రా," అన్నాడు బావ పగడాన్ని చూపించి.

"ఇప్పటికంటే బాగుంటుంది," అన్నాను.

పని తేలికవుతుందని చేపల్ని తగ్గిద్దామన్నది నేనే. పదకొండు చేపలకి తిండి పెట్టి, అవి చేసిన మురికి ఎత్తిపొయ్యడం ఎందుకు? నారింజ చారల జంటని ఉంచి మిగతా తొమ్మిదింటినీ కొన్న కొట్టుకే తిరిగిచ్చేద్దామన్నాను. చేపలు తగ్గితే మురికి తగ్గుతుంది, మురికి తగ్గితే పగడానికి మంచిది, ఇందులో తప్పేముంది అని వాదించడానికి సిద్ధమయ్యాను. బావ వాదించలేదు. ప్రతి చిన్నదానికీ నాతో గంటసేపు వాదించే మనిషి, సరే అన్నాడు. నేను భయపడాల్సింది అప్పుడు. గెలిచానని సంబరపడ్డాను.

కొట్టుకి ఆయనా వచ్చాడు. మేనేజరు ఉన్న సంచీని మాత్రం ఎవరికీ ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చేపల కొట్టావిడ మాటకారి కాదు. కళ్ళజోడు ముక్కు చివరకి జార్చి మనిషినీ చేపనీ ఒకేలా చూస్తుంది. నేను సంచులు మోస్తుంటే బావ ఆవిడతో పక్కకెళ్ళి ఏదో మాట్లాడాడు. చేపల బాగోగుల గురించి అనుకున్నాను. వచ్చేటప్పుడు నేను ఆవిడతో గొప్పగా ఒక మాట కూడా అన్నాను: ఇక ఆ తొట్టిలో నీళ్ళు తాగొచ్చు చూడండి, అని. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, ఉప్పునీళ్ళు కదా అంది.

ఆసుపత్రిలో బావని ఒక గదిలో విడిగా పెట్టారు. రెండు తలుపులు, లోపలికి వచ్చే గాలికి కూడా వడపోత. అక్క తప్ప ఇంకెవరూ వెళ్ళకూడదు. అక్క అయినా గౌను, మాస్కు, తొడుగులు వేసుకుని వెళ్ళాలి. తిండంతా ఉడికించిందే. ఫోను తుడిచి ఇవ్వాలి. ఇవన్నీ అక్క ఏడుపుగొంతుతో చెప్తుంటే నాకు మనసులో హాయిగా ఉంది. ఇన్నాళ్ళకి బావని నా చేతికి అప్పజెప్పినట్టే అనిపించింది. ఆ గది ఎంత శుభ్రంగా ఉంటుందో ఈ తొట్టి కూడా అంత శుభ్రంగా ఉండాలని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. అదేదో మొక్కులాంటిది. పైకి ఎవరికీ చెప్పలేదు.

వడపోత దూది వారానికోసారి మార్చమని బావ రాసిపెడితే రోజూ మార్చాను. నీళ్ళలోని జిడ్డుని నురగలా పైకి లాగే స్కిమ్మర్ అని ఒకటుంది, దాని గిన్నె పూటకోసారి కడిగాను. ఫాస్ఫేట్ పీల్చే నల్ల గుళికలు రెట్టింపు వేశాను. మా సెంటర్ నీళ్ళంత మంచి నీళ్ళలో ఉప్పు కలిపి, మూడు రోజులకోసారి పావు తొట్టి మార్చాను. పరీక్ష సీసాలో చుక్కలేసి, పొడి వేసి, ఊపి, పది నిమిషాలు ఆగితే గులాబి రంగు రావాలి. ఎంత మురికుంటే అంత గులాబి. మొదటి వారం లేత గులాబి. రెండో వారానికి నా సీసాలో రంగే లేదు. తెల్ల కాగితం ముందు పెట్టి చూశాను, కిటికీ దగ్గర చూశాను. సున్నా. ఫాస్ఫేట్ కూడా సున్నా. పదహారేళ్ళలో బావ చెయ్యలేనిది పదమూడు రోజుల్లో చేశానని ఆ రోజు ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

అక్క రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేది. నా భోజనం సంగతి, ఇంటి సంగతి అడిగేది కాదు. "ఎంత?" అనేది. బావ అడగమన్నాడట. నేను "ఐదు" అనేవాణ్ణి. సున్నా సంగతి దాచిపెట్టుకున్నాను. ఆయన వచ్చిన రోజు సీసా చేతిలో పెట్టి, చూసుకో బావా అందామని. తర్వాత నేను అడిగేవాణ్ణి, "అక్కడెంత?" అని. కణాలు ఎక్కించాక మొదటి రెండు వారాలు సున్నాయే ఉంటుందని డాక్టర్లు ముందే చెప్పారు. తర్వాత తెల్లకణాలు కొద్దికొద్దిగా కనిపించాలి. పదిహేనో రోజున అక్క "పాయింట్ ఒకటి" అంది. నేను సెంటర్లో అందరికీ మిఠాయి పంచాను.

ఆ వారంలోనే పగడం ముడుచుకోవడం మొదలుపెట్టింది.

ముందు ఒక తల. అలిగిందనుకున్నాను. మర్నాటికి ఇంకో రెండు. ఆకుపచ్చ వేళ్ళు పాలిపోయి, లోపలికి ముడుచుకుపోయి, అడుగున తెల్లటి గట్టి గిన్నె బయటపడింది. దానికి తోడు రాళ్ళ మీద గోధుమరంగు జిగురు, చీమిడిలా తీగలు సాగుతూ, తీగల చివర గాలిబుడగలతో. మురికి! నాకు తెలిసిన శత్రువు అదొక్కటే. గొట్టం పెట్టి మొత్తం పీల్చేశాను. మధ్యాహ్నానికి మళ్ళీ అంతా పట్టేసింది. బ్రష్షుతో రుద్దాను, నీళ్ళు సగం మార్చాను, గుళికలు ఇంకో గుప్పెడు వేశాను. ఎంత కడిగితే అంత పెరిగింది. పదకొండేళ్ళ ఉద్యోగంలో కడిగితే పెరిగే మురికిని నేనెప్పుడూ చూడలేదు.

ఇరవైరెండులో పదిహేడు మిగిలాయి. తర్వాత పదకొండు. సెంటర్ నుంచి ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా తలలు లెక్కపెట్టుకునేవాణ్ణి. చచ్చిన తలలో చర్మం ఊడి నీళ్ళలో తేలుతుంటే చిన్న వలతో పట్టి బయట పారేసేవాణ్ణి. కొట్టావిణ్ణి అడగొచ్చు. కాని ఆవిడ ముందు తాగొచ్చు చూడండి అని కూసిన నోరిది. పొగరు మనిషిని ఎక్కడ నిలబెడుతుందో అప్పుడు తెలిసింది. నాలుగు వీధుల అవతల ఉన్న కొట్టుకి నేను వెళ్ళలేదు.

అక్క మధ్యాహ్నం ఫోన్ చేసి ఎంత అంటే మాత్రం ఐదు అనేవాణ్ణి. ఇప్పుడది సరదా కోసం చెప్పే ఐదు కాదు. ఆమె గొంతులో ఏదో తేడా వినిపించేది నాకు. నా నంబరు విన్నాకే ఊపిరి తీసుకున్నట్టు ఉండేది. తొట్టి బాగుంటే ఆయనా బాగుంటాడని మనసులో ముడేసుకుందని నాకర్థమైంది. అలా ముడెయ్యకూడదని చెప్పడానికి నేనెవర్ని? నేనూ వేసుకున్నాను. "పాయింట్ రెండు," అనేది అక్క. హమ్మయ్య, అక్కడైనా పెరుగుతోంది అనుకునేవాణ్ణి. ఒకసారి తొట్టి ఫోటో పెట్టరా అంటే, లైటు పాడైంది అక్కా అని నీళ్ళు నమిలాను. సరే అంది. గట్టిగా అడగలేదు.

అబద్ధం చెప్పేవాడికి ఎదుటివాళ్ళు గట్టిగా అడక్కపోతే ఎంత సుఖమో! ఎందుకు అడగడం లేదో ఆలోచించే తెలివి మాత్రం ఉండదు.

కణాలెక్కించిన ముప్పయ్యో రోజు. ఆ పొద్దున రెండు తలలు మిగిలాయి. మధ్యాహ్నానికి అందులో ఒకటి రాలిపోయింది. దాన్ని వలతో తీసి చేతిలో పెట్టుకుని చూశాను. తడి కాగితం ముక్కలా ఉంది. అదే సమయానికి ఫోన్ మోగింది.

"ఎంత?" అంది అక్క.

ఐదు అనబోయాను. నోరు రాలేదు.

"సున్నా అక్కా," అన్నాను. "ఇవాళ కాదు. నాలుగు వారాలుగా సున్నాయే. నేనే చేశాను. కడిగి కడిగి చంపేశాను. ఇరవైరెండు తలల్లో ఒకటే మిగిలింది. నీకు రోజూ అబద్ధం చెప్పాను."

అవతల ఆసుపత్రి వరండాలో ఏదో బండి చక్రాల చప్పుడు వినిపించింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఇక్కడా సున్నాయేరా," అంది అక్క. "ఒక్క రోజు కూడా పెరగలేదు. నువ్వు అంత ధీమాగా ఐదు, ఐదు అంటుంటే... నీకు సున్నా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

ఆ మాటకి నేను నేల మీద కూర్చుండిపోయాను. ఒళ్ళో తడి వల, చేతిలో ఫోను. పాయింట్ ఒకటికి పంచిన మిఠాయి గుర్తొచ్చింది. నా అబద్ధం పట్టుకుని అక్కా, అక్క అబద్ధం పట్టుకుని నేనూ నెలరోజులు నెట్టుకొచ్చాం. ఇద్దరి కాళ్ళ కిందా ఏమీ లేదు.

కాసేపటికి అక్కే మెల్లగా మిగతాది చెప్పింది. దాత కణాలు కుదురుకోలేదట. అదే దాత ఇంకోసారి ఇవ్వడానికి ఒప్పుకున్నాడట. మరోసారి ఎక్కిస్తారు, అది ఆఖరి ప్రయత్నం. నేను ఇంకేం చెయ్యను అక్కా అని అడిగాను. చెయ్యడానికేముందిరా, కూర్చోవడమే, అంది. నేను రోజంతా అదే చేస్తున్నాను, మాస్కు వేసుకుని కూర్చుంటున్నాను, అని చెప్పింది.

"బావకి తొట్టి సంగతి చెప్పకు," అన్నాను.

"ఆయనకి కణాలెక్కించిన మొదటి వారమే తెలుసు," అంది. "నాలుగు రోజులు వరసగా ఐదు అన్నావని చెప్తే నవ్వాడు. ప్రాణమున్న తొట్టి ఏ రెండు రోజులూ ఒకే నంబరు చూపించదే, వాడు సున్నా చేసేసుంటాడు, అన్నాడు. అప్పటికి నోరంతా పుళ్ళు, మాట్లాడలేకపోయేవాడు. అయినా నవ్వాడు."

"మరి నాకు చెప్పొచ్చు కదా?"

"నేనూ అదే అడిగాను. వాడంతట వాడు నిజం చెప్పిన రోజు కొట్టుకి వెళ్ళమను, అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు. అబద్ధమని తెలిసినా, రోజూ నీ నోట ఆ ఐదు వింటేగాని నాకు ధైర్యం వచ్చేది కాదు."

చెప్పులు వేసుకుని బయల్దేరాను. నాలుగు వీధులు నడవడానికి నాకు నెల పైన పట్టింది.

కొట్టావిడ నన్ను చూసి కౌంటరు తలుపు తీసి లోపలికి రమ్మని తల ఊపింది. వెనక గదిలో గోడ వారన ఒక తొట్టి ఉంది. అందులో ఎనిమిది చేపలు. దాని పక్కనే ఇంకో తొట్టిలో మేనేజరు, ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూ. అద్దం మీద బావ చేతిరాతతో చీటీ: 'అమ్మకండి. మా ఫిల్టరు వస్తాడు.' చీటీ మూల గ్రీజు వేలిముద్ర. తుడవాలనిపించలేదు నాకు. జీవితంలో మొదటిసారి.

"నెలలో వస్తారన్నారు," అంది ఆవిడ. "మీరు నలభై రోజులు చేశారు."

"ఇలా అవుతుందని ఆయనకి ముందే తెలుసా?"

"తెలుసు."

"అయితే ఆ రోజే ఎందుకు ఆపలేదండీ నన్ను?"

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నేనూ అడిగాను. చెబితే వాదిస్తాడు, వాడితో వాదించే ఓపిక నాకు ఇప్పుడు లేదు అన్నారు."

ఏడుపు ఆగలేదు. ఆవిడ ఒక స్టూలు నా వైపు జరిపి, తన పని తను చూసుకుంది. కాసేపయ్యాక, పాఠం చెప్పినట్టు కాకుండా, సరుకు వివరాలు చెప్పినట్టు అంతా చెప్పింది. నేను పగడాన్ని పస్తులుంచాను. ఆ గోధుమ జిగురు మురికి వల్ల వచ్చింది కాదు, ఏమీ లేని నీళ్ళలోనే అది రాజ్యమేలుతుంది. గుళికలు తీసేయాలి, స్కిమ్మర్ రోజుకి కొన్ని గంటలు ఆపాలి, దూది జోలికి పోకూడదు. చేపల్ని ఒకేసారి వేస్తే నీళ్ళు తట్టుకోలేవు, రెండేసి చొప్పున, ఐదేసి రోజులకి. మధ్యలో ఏం చెయ్యాలి అని అడిగాను. ఏమీ చెయ్యకూడదు, అంది. మీకు కష్టమే, అని కూడా అంది.

మేనేజరు సంచీ కోసం చెయ్యి చాపితే అడ్డం పడింది. "అది మాత్రం మీకివ్వొద్దన్నారు. ఆయనే వచ్చి పట్టికెళ్తానన్నారు."

మొదటి రెండు చేపల్ని వేసిన రోజు, తిండి చిటికెడు తీసుకుని తొట్టి మీద చెయ్యి చాపితే వేళ్ళు విడిపడలేదు. నీళ్ళలో ఏదైనా వెయ్యడమంటే నా చేతికి అలవాటు లేదు. కళ్ళు మూసుకుని వదిలాను. చేపలు గబగబా తిన్నాయి. తిన్నాక నా ఎదురుగానే మురికి చేశాయి. దండం పెట్టాలనిపించింది.

మిగిలిన ఆ ఒక్క తలా సగం ముడుచుకునే ఉంది. మూడు రోజులు, ఐదు రోజులు. పరీక్ష సీసాలో రంగు లేదు. కడగడానికి చేతులు లాగేవి, వెనక్కి కట్టుకుని హాల్లో తిరిగేవాణ్ణి. ఇంకో రెండు చేపలు. పదో రోజున సీసాని కిటికీ దగ్గర పెడితే ఉందో లేదో అన్నట్టు గులాబి. ఫోటో తీసి అక్కకి పంపాను. ఆమె దాన్ని తలుపు అద్దానికి ఆనించి బావకి చూపించిందట. ఆయన బొటనవేలు పైకెత్తాడట. ఆ సాయంత్రమే ఆయనకి రెండోసారి కణాలెక్కించారు.

సెంటర్లో నా పని నేను చేస్తూనే ఉన్నాను. ఇంట్లో ఏ అంకె చూస్తే గుండె ఆగిపోతుందో, అదే అంకె పొద్దున్నే సెంటర్ రిజిస్టర్లో రాయాలి. ఒకరోజు పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. యంత్రాలు ఆన్ చెయ్యాలి, ఏమైంది అని నర్సు తలుపు దగ్గరికి వచ్చి అడిగింది. హాల్లో పదహారుమంది చేతులు చాపుకుని నా సున్నా కోసం చూస్తున్నారు. రాసి ఇచ్చాను.

ఇంకో నాలుగు చేపలూ వచ్చేశాయి. గోధుమ జిగురు ఎవరూ పీల్చకుండానే పలచబడింది. రాళ్ళ మీద అక్కడక్కడా పచ్చటి నాచు కూడా పుట్టింది. బావ ఉంటే, ఇదిగో ఇప్పుడిది ఇల్లులా ఉంది అనేవాడు. నిన్న పొద్దున ఆ ఒక్క తల పూర్తిగా విచ్చుకుంది. ఆకుపచ్చ వేళ్ళు, చివర ఊదా రంగు. పక్కన ఇరవైఒక్క తెల్ల గిన్నెలు ఖాళీగా ఉన్నాయి. పెళ్ళయిన ఏడాది ఆయన తెచ్చుకున్నది కూడా ఒక్క తలే. అది గుర్తుచేసుకుని నాకు నేను ధైర్యం చెప్పుకోబోయాను. కాని ధైర్యం రాలేదు.

ఇవాళ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఎంత?"

"ఐదు."

"నిజంగానా?"

"నిజంగానే. నిన్న నాలుగున్నర, మొన్న నాలుగు."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. నేను ఎదురు అడగలేదు. ఆమే చెప్పింది. "ఇక్కడ ఇంకా సున్నారా. పదిహేనో రోజు." తర్వాత, ఆయన నీతో మాట్లాడతానంటున్నాడు అని ఫోను లోపలికి పంపింది. తుడుస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత బావ గొంతు. ఇన్ని వారాల తర్వాత విన్నాను, గుర్తుపట్టడానికి క్షణం పట్టింది.

"ఒరే ఫిల్టరూ. మేనేజరు తింటోందా?"

"తింటోంది బావా. కొట్లోనే ఉంది. నువ్వొచ్చి తీసుకెళ్తానన్నావట."

"అన్నాను." ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇంకో రెండు వారాలు చూడు. నేను రాకపోతే నువ్వే తెచ్చి వెయ్యి. తొమ్మిదీ ఉంటేగాని ఆ తొట్టి లెక్క కుదరదు."

వస్తావులే అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు, ఐదు ఐదు అని చెప్పిన రోజుల్లో గొంతులా ఉంది. ఆయనకీ తెలిసే ఉంటుంది.

ఫోను పెట్టేశాక కొట్టుకి వెళ్ళాను. రోజూ వెళ్తున్నాను ఇప్పుడు. చేపలు తక్కువై పగడం చచ్చిపోతుంటే, దాని కోసం వెనక గదిలో తొమ్మిది చేపల్ని ఎత్తిపెట్టి, చీటీ అంటించి వెళ్ళాడు మా బావ. ఆయన కోసం అలా ఏదీ, ఏ వెనక గదిలోనూ, ఎవరూ ఎత్తిపెట్టలేదు. ఉంటే ఎన్ని వీధులైనా నడిచేవాణ్ణి. నడవడానికి వీధే లేదు.

కొట్టావిడ స్టూలు జరిపింది. తిండి డబ్బా నా చేతికిచ్చింది. మేనేజరు ఆ మూల నుంచి ఈ మూలకి వచ్చి, నా వేళ్ళ ఎదురుగా ఆగింది. చిటికెడు వేశాను. తినేసి మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

"ఇవాళ తీసుకెళ్తారా?" అని అడిగింది ఆవిడ, రోజూ అడిగినట్టే.

"ఇవాళ వద్దండి," అన్నాను.